కాగితం మీద కనిపించే త్వరణం

వేగం కంటికి తెలుస్తుంది, మరి త్వరణాన్ని, అంటే వేగం మారే రేటును, చూడగలమా అని ఒక పాఠకురాలు అడిగారు. చూడగలం. అందుకు టికర్ టేప్ టైమర్, కత్తెర, జిగురు చాలు.

టైమర్‌లోని తీగచుట్టలో ఏకాంతర విద్యుత్, అంటే దిశ మార్చుకుంటూ ఉండే విద్యుత్, ప్రవహిస్తుంది. దాని పౌనఃపున్యం 50 హెర్ట్జ్ అయితే ఉక్కు రేకు సెకనుకు 50 సార్లు కంపించి, కార్బన్ కాగితం కింద సాగే పేపరు పట్టీపై చుక్కలు పెడుతుంది. రేకు పక్కన ఉండే శాశ్వత అయస్కాంతం చాలా కీలకం. అది లేకపోతే విద్యుత్ ఏ దిశలో పారినా ఆకర్షణే కలుగుతుంది కనుక ఒక్కో ఆవర్తనానికి రెండేసి దెబ్బలు, సెకనుకు 100 చుక్కలు పడతాయి.

పట్టీ చివరను ట్రాలీకి, అంటే చిన్న చక్రాల బండికి, తగిలించండి. అది లాక్కెళ్లిన పట్టీని అయిదేసి ఖాళీలకు ఒక ముక్కగా కత్తిరించండి. ప్రతి ముక్కా 0.1 సెకనులో ట్రాలీ సాగిన దూరం. ముక్క 6 సెంటీమీటర్లు ఉంటే సగటు వేగం సెకనుకు 60 సెంటీమీటర్లు. అంటే ముక్క పొడవే వేగం! ఇప్పుడు వాటిని ఒకే గీత మీద నిలువుగా, పక్కపక్కన అతికించండి. వేగం మారకపోతే పైఅంచులు సమంగా ఉంటాయి. త్వరణం స్థిరంగా ఉంటే సమానమైన మెట్లు కడతాయి. ఆ మెట్టు ఎత్తే త్వరణం. స్థిర త్వరణంలో సగటు వేగం ఆ వ్యవధి నడిమి క్షణపు వేగానికి సమానం కాబట్టి, పైఅంచుల మధ్యబిందువులను కలిపితే సరళరేఖ వస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది మరొకటి: వేగం-కాలం గ్రాఫు కింది వైశాల్యం దూరమని పాఠాల్లో చెబుతారు. ఇక్కడ ఆ వైశాల్యాన్ని నింపినది ట్రాలీ వెంట సాగిన పట్టీయే. సూత్రాలు వల్లె వేయించే ముందు పిల్లల చేత ఈ ముక్కలు అతికించాలని నా గట్టి నమ్మకం.

ట్రాలీకి బదులు పట్టీకి ఒక బరువు కట్టి కిందికి వదిలితే ఏమవుతుంది? ఏ నిరోధమూ లేకుంటే, వదిలిన క్షణం నుంచి లెక్కించిన ముక్కల పొడవులు 4.9, 14.7, 24.5, 34.3 సెంటీమీటర్లు. నిష్పత్తి 1:3:5:7. వాలు తలంపై గోళాలను దొర్లించి, పాత్ర నుంచి కారిన నీటిని తూచి కాలం కొలిచిన గెలీలియో, 1638లో అచ్చైన గ్రంథంలో చెప్పిన బేసి సంఖ్యల వరుస ఇదే. మెట్టు ఎత్తు ప్రతిసారీ 9.8 సెంటీమీటర్లు. దాన్ని 0.1 వర్గంతో భాగిస్తే 980, అంటే సెం.మీ./సె² లలో గురుత్వ త్వరణం.

నిజంగా చేసినప్పుడు విలువ కాస్త తగ్గుతుంది, ఎందుకంటే కార్బన్ కాగితం, టైమరు పట్టీని వెనక్కి పట్టి ఉంచుతాయి. బరువు పెంచితే ఆ రాపిడి ప్రభావం తగ్గి, మెట్టు 9.8కి దగ్గరవుతుంది.