పారిపోయినవాళ్ల సైన్యం

బాబర్ ఢిల్లీ దాకా రాకముందు, సమర్‌కంద్ చేజారి, గుప్పెడు మందితో ఊరూరా తిరిగిన రోజులున్నాయి. ఆ రోజుల గురించి చెప్పడానికి తన ఆత్మకథలో ఆయన ‘కజాక్’ అన్న తుర్కీ మాట నుంచి పుట్టిన పదమే వాడాడు. ఏలిక లేనివాడు, ఎవరి మాటకూ లోబడనివాడు కజాక్. కజాకిస్తాన్ పేరులో ఉన్నది ఆ మాటే. ఉక్రెయిన్, రష్యా చరిత్రల్లో కనిపించే కొసాక్కుల పేరూ అందులోంచి వచ్చిందే.

కాబట్టి కొసాక్కు అన్నది మొదట్లో జాతి పేరు కాదు, ఒక బతుకు తీరు. 16వ శతాబ్దంలో పోలండ్‌లోనూ, మాస్కో రాజ్యంలోనూ రైతును భూమికి కట్టేసి వెట్టివాణ్ని చేశారు. దక్షిణాన నల్ల సముద్రం దాకా గడ్డి మైదానాలే. సారవంతమైన నల్లనేల, చేపలు, తేనె, వేట అన్నీ ఉన్నా జనం మాత్రం పలుచన. క్రిమియా తాతార్లు గుర్రాల మీద విరుచుకుపడి, దొరికినవాళ్లను క్రిమియా రేవుపట్నం కఫా బజారులో బానిసలుగా అమ్మేవారు మరి. కత్తి పట్టగలిగినవాడే అక్కడ వల వేయగలిగేవాడు. వెట్టి తప్పించుకుని పారిపోయి వచ్చినవాళ్లు అలా యోధులయ్యారు.

ద్నీపర్ నదిలో బండరాళ్ల మీదుగా నీళ్లు సుడులు తిరుగుతూ దూకే చోటు దాటాక, దీవుల్లో వాళ్లు ‘సిచ్’ అనే కోట కట్టుకున్నారు. ఆ ప్రాంతానికి జపరోజియా అని పేరు, అంటే ‘ఆ రాళ్లకు ఆవల’ అని అర్థం. నాయకుణ్ని సభలో ఎన్నుకునేవారు, నచ్చకపోతే అదే సభలో దింపేసేవారు.

వాళ్ల ‘చైకా’ పడవ నాకు ఎంతో ఇష్టమైన సంగతి. 17వ శతాబ్దంలో బోప్లాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు దాన్ని దగ్గరగా చూసి రాశాడు. దాదాపు 60 అడుగుల పొడవు. రెండు కొసల్లోనూ చుక్కాని ఉండేది కనుక పడవను తిప్పకుండానే వెనక్కి మళ్లొచ్చు. రెండు పక్కలా పీపాలంత లావు రెల్లు మోపులు కట్టేవారు. లోపల నీళ్లు నిండినా ఆ రెల్లు పడవను మునగనివ్వదు. నీటిమట్టానికి రెండున్నర అడుగుల ఎత్తే ఉండడంతో, టర్కీ ఓడకు ఇది కనబడేలోపే వీళ్లకు ఆ ఓడ కనబడేది. 1615లో ఈ పడవల్లోనే ఇస్తాంబుల్ శివార్ల దాకా వెళ్లి దాడి చేశారు.

ఇలాంటి మనుషుల్ని ఏ రాజు ఊరికే వదులుతాడు? రష్యా చక్రవర్తులైన జార్లు ధాన్యం, తుపాకిమందు పంపి దగ్గరకు తీశారు. యెర్మాక్ అనే కొసాక్కు నాయకుడు 1582లో సైబీరియా ఖాన్ రాజధానిని గెలిచాడు. అక్కడి తెగల నుంచి కొసాక్కులు జంతువుల బొచ్చు తోళ్లను పన్నుగా గుంజారు, బందీలను పట్టుకున్నారు. 1648లో కొసాక్కు నాయకుడు ఖ్మెల్నిత్స్కీ పోలండ్ మీద లేవదీసిన తిరుగుబాటులో యూదులను వేల సంఖ్యలో చంపారు. ఆ నెత్తురును పక్కన పెట్టి వీళ్ల స్వేచ్ఛను పొగడడం అన్యాయం. తర్వాత్తర్వాత భూమి ఇస్తాం, సొంత గుర్రంతో సైన్యంలోకి రండి అన్నది ఒప్పందమైంది. 1905లో రష్యాలో జారు మీద తిరగబడి జనం వీధుల్లోకొస్తే వాళ్ల మీద కొరడా ఝుళిపించింది ఈ కొసాక్కులే.

సిచ్ ఆఖరి నాయకుడు కల్నిషెవ్స్కీ. టర్కీ యుద్ధంలో రష్యా తరఫున పోరాడి రాణి కేథరిన్ చేత పతకం అందుకున్నాడు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1775లో, ఆమె సైన్యం సిచ్‌ను నేలమట్టం చేసింది. ఎనభై దాటిన ఆ ముసలాయన్ని ఉత్తరాన తెల్ల సముద్రంలోని సొలొవెత్స్కీ మఠంలో బంధించారు. పాతికేళ్ల తర్వాత, 1801లో, కొత్త జారు విడుదల చేశాడు. ఆయన వెళ్లలేదు. అక్కడే ఉండిపోయి 1803లో కన్నుమూశాడు.