తోటలో ఎన్ని కాకులు?

మొన్న శనివారం సాయంత్రం గోవిందరాజస్వామి గుడి గోపురం దగ్గర పూలు కొంటున్నాను. పక్కన ఒకాయన, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు, "మూర ఎంతమ్మా?" అని అడిగాడు. చివర గొంతు కొంచెం సాగింది. ఆ సాగదీత నాకు బాగా తెలుసు. డిగ్రీలో మూడేళ్లు నా పక్కన కూర్చున్న గొంతు అది. గుండుతో ఉన్న ఆ ముఖాన్ని మాత్రం చూసి గుర్తుపట్టేవాణ్ని కాదు. పంతొమ్మిదేళ్ల తర్వాత కలిశాం.

"స్వామి కలిపినాడురా మనల్ని. ఊరికే జరగతాయా ఇట్లాంటివి? మనిద్దరి పుట్టినరోజు కూడా ఒకటే, జూన్ 1, గుర్తుందా?" అన్నాడు నా చెయ్యి వదలకుండా. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఇంటికొచ్చే దాకా ఒకటే ప్రశ్న: "నాన్నా, ఇట్లా జరగడానికి ఛాన్స్ ఎంత?"

ఇలాంటివాటికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, సరిగ్గా అప్పుడే పండు రాలింది. కాకి వల్ల పండు రాలలేదు, పండు రాలుతుందని కాకి రాలేదు. ఎంత చక్కని మాట! అయితే అందులో మనకు కనిపించేది ఒక కాకి, ఒక చెట్టు. తోట కనిపించదు. కిటుకంతా తోటలోనే ఉంది.

తోటలో 100 తాటిచెట్లు, 100 కాకులు ఉన్నాయనుకుందాం. పండ్ల కాలంలో పగలు 12 గంటల్లో మొత్తం 40 పండ్లు రాలతాయి. ఒక్కో కాకి రోజుకు 10 సార్లు ఏదో ఒక చెట్టు మీద వాలుతుంది. వాలిన 5 సెకన్ల లోపు ఆ చెట్టు నుంచే పండు రాలితే కాకతాళీయం కింద లెక్క. పన్నెండు గంటలంటే 43,200 సెకన్లు, ఒక చెట్టుకు రోజుకు 0.4 పండు. కాబట్టి కాకి ఒకసారి వాలినప్పుడు పండు రాలే అవకాశం 21,600లో ఒకటి. ఫలానా కాకి ఫలానా చెట్టు మీద వాలేది సగటున పది రోజులకు ఒకసారే. అప్పుడే పండు రాలాలంటే, సగటున 2,16,000 రోజులు ఎదురుచూడాలి. దగ్గర దగ్గర 590 ఏళ్లు! ఏ కాకి అయినా సరే, ఏ చెట్టు అయినా సరే అంటే? 22 రోజులు చాలు. కాకులు మారలేదు, పండ్లు మారలేదు. 100 కాకులకూ 100 చెట్లకూ మధ్య 10,000 జతలున్నాయి, అంతే తేడా.

నా లెక్కల క్లాసులో ఏటా చేసే పని ఒకటుంది. పిల్లలందరినీ పుట్టినరోజులు చెప్పమంటాను. 23 మంది ఉంటే చాలు, ఏ ఇద్దరివో కలిసే అవకాశం సగానికి మించుతుంది (50.7 శాతం). 40 మంది ఉంటే 89 శాతం. 23 మందిలో జతలు 253 కదా, అందుకని. అదే "సార్, నా పుట్టినరోజుతో కలవాలి" అని ఒక పిల్లవాడు పట్టుబడితే, సగం అవకాశం రావడానికి వాడు 253 మందిని అడగాలి. మళ్లీ ఏ ఇద్దరివైనా సరే, ఒక్క రోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదంటే 14 మందే చాలు. అమెరికా గణాంక శాస్త్రవేత్తలు పెర్సీ డయాకొనిస్, ఫ్రెడరిక్ మోస్టెల్లర్ 1989లో రాసిన వ్యాసంలో ఈ "దాదాపు కలవడం" సంగతి చక్కగా విడమరిచారు. మన పుస్తకాల్లో ఇలా జతలు లెక్కపెట్టే ఎన్‌సీఆర్ (nCr) సూత్రం ఉంటుంది, పిల్లలు బట్టీ పడతారు. తోటివాళ్ల పుట్టినరోజులతో ఒక్కసారి లెక్క వేయించి చూడండి, వాళ్ల కళ్లు ఎలా వెలుగుతాయో!

ఇక జూన్ 1 సంగతి. నేను నిజంగా పుట్టింది కార్తీకమాసంలో అని మా అమ్మ చెప్పేది. బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు గారు జూన్ 1 అని రాసేశారు. మావాడిదీ అంతే. పల్లెల్లో ఇలాంటి పుట్టినరోజులు కొల్లలు. నూటికి పది మందికి ఆ తేదీ రాశారనుకోండి. ఇద్దరి తేదీలు కలిసే అవకాశం అంటే ఒక్కో తేదీ వాటాను వర్గం చేసి అన్నింటినీ కూడడమే. జూన్ 1 ఒక్కటే 0.1 వర్గం, అంటే 0.01 ఇస్తుంది. మిగతా 364 రోజులూ కలిసి 0.0022. మొత్తం 0.0122. అంటే 365 జతల్లో ఒకటి కలవాల్సింది 82 జతల్లో ఒకటి కలుస్తుంది. తేదీలు సమానంగా పరుచుకుంటేనే కలయికలు అతి తక్కువ. ఎక్కడ కుప్ప పడినా పెరుగుతాయి.

కుప్ప పడడానికి తిరుపతిని మించిన ఊరేది? కొండకు రోజుకు అరవై డెబ్బై వేల మంది వస్తారు. ఘాట్ రోడ్లు రెండు, మెట్ల దారులు రెండు. రైల్వే స్టేషన్, బస్టాండు, గాంధీ రోడ్డు, అలిపిరి, గరాటులో పోసినట్టు అందరూ అక్కడే. పైగా సెలవులకీ శనివారాలకీ కట్టగట్టుకుని వస్తారు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. ఊరి బయట నాకు ముఖం తెలిసినవాళ్లు 600 మంది అనుకుంటే, దారిలో ఎదురయ్యే తెలుగు యాత్రికుడు వాళ్లలో ఒకడు కావడానికి అవకాశం సుమారు 1,41,000లో ఒకటి. సాయంత్రం 2,000 ముఖాలు చూస్తే, 70 సాయంత్రాలకు ఒకరు తగులుతారు. ఇది నా ఒక్కడి లెక్క. ఒకరితో ఒకరు కలిసి రాని 5,000 మంది ఆ వీధుల్లో తిరుగుతుంటే వాళ్లలో జతలు కోటీ పాతిక లక్షలు. ఒకరినొకరు ఎరిగిన జతలు 88 దాకా ఉంటాయి, అదీ కుప్ప పడడం లెక్క వేయకుండానే! ఆ రాత్రి మా ఇంట్లో చెప్పుకున్న కథే ఇంకెన్ని ఇళ్లలో చెప్పుకున్నారో.

మావాడి భక్తి మావాడిది, దాన్ని నేను తప్పుపట్టను. నాకు కష్టం కలిగేది శకునాల దగ్గర. భర్త పోయిన ఆడమనిషి ఎదురైందని ప్రయాణం మానుకున్నవాళ్లను చూశాను. ఆమె ఎదురొచ్చాక పని చక్కగా జరిగిన రోజులను ఎవరూ లెక్కపెట్టలేదు. కాకి వాలినా పండు రాలని రోజులవి. అవి లెక్కలోకి రాకపోవడం వల్ల ఒక మనిషి జీవితాంతం ఇల్లు కదలడానికే జంకుతుంది. ఇది చాలా అన్యాయం.

ఆ మాటకొస్తే మాకూ అలాంటి రోజులున్నాయి. టీ తాగుతూ అడిగితే చెప్పాడు, డిగ్రీ అయినప్పటి నుంచీ ఏటా కొండకు వస్తున్నాడట. దిగేది మా వీధికి రెండు వీధుల అవతలి సత్రంలో. ఇంతకుముందు 18 సార్లు వచ్చి, గుండు చేయించుకుని, అదే గోపురం పక్క నుంచి వెళ్లాడు. ఎన్నిసార్లు పక్కపక్కనే నడిచామో! ఈసారి ఫోన్ నంబరు తీసుకున్నాను. వచ్చే ఏడాది స్టేషన్‌కే వెళ్తాను.