పొద్దెక్కనివ్వండి

పిల్లలూ,

"జనవరి చలిలో కూడా చేపలు పడతాయా తాతయ్యా?" అని అడిగారు కదా. పడతాయి. ముందు వెచ్చటి నీరు ఎక్కడుందో కనిపెట్టాలి. చేప అక్కడే ఉంటుంది.

నేను వెళ్ళేది ఫ్లోరిడా దక్షిణపు కొసన, ఎవర్‌గ్లేడ్స్ జాతీయ వనంలోని ఫ్లమింగో అనే చోటికి. దాని ముందున్న ఫ్లోరిడా అఖాతం చాలాచోట్ల మీ ఛాతీ లోతే. అందుకే ఆ నీరు ఎంత త్వరగా చల్లబడుతుందో, ఎండ తగిలితే అంత త్వరగా వేడెక్కుతుంది. ఉత్తరపు గాలి గట్టిగా వీచిందంటే నీరు వెనక్కి తగ్గి బురద మేటలు బయటపడతాయి. చేపలన్నీ కాలువల్లో, లోతు గుంటల్లో చేరతాయి.

కాబట్టి తెల్లవారకముందే పడవ ఎక్కాలని తొందరపడకండి, అది వేసవి పద్ధతి. పొద్దెక్కాక, గాలి తగలని మడచెట్ల చాటున నల్లటి బురద ఉన్న చోటు చూసుకోవాలి. ఆ బురద ఎండను పీల్చుకుని, పైనున్న కాస్త నీటినీ వెచ్చబరుస్తుంది. మొన్న దారానికి కట్టిన థర్మామీటరు ముంచి చూశాను. కాలువలో 17 డిగ్రీలు, కొంచెం అవతల బురద మీద 20. అక్కడే ఒక రెడ్‌ఫిష్ తల కిందికి పెట్టి బురద కెలుకుతోంది. తోక నీటిపైన ఊగుతోంది, దాని మొదట్లో దిష్టిచుక్కలాంటి నల్లమచ్చ. గాలానికి రొయ్యను గుచ్చి దాని ముందు వేసి, కదపకుండా ఉంచాను. చలిలో చేపకు తరిమే ఓపిక ఉండదు, ఎర నోటి దగ్గరే ఉండాలి. తీసుకుంది.

స్నూక్ సంగతి వేరు. అది మన పండుగప్పకు చుట్టం. దానిలాగే మగగా ఎదిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. ఒంటి పక్కన తోక దాకా నల్లని గీత ఉంటుంది. చలికి అసలు తట్టుకోలేదు. నీరు 15 డిగ్రీలకు దిగితే మందగిస్తుంది, ఇంకా దిగితే చచ్చిపోతుంది. 2010 జనవరి చలికి లెక్కలేనన్ని చచ్చి తేలాయి. ఆ తర్వాత ఫ్లోరిడా పడమటి వైపున్న గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో స్నూక్‌ను ఇంటికి తీసుకెళ్ళడాన్ని 2013 దాకా నిషేధించారు. ఎంత మంచి పని చేశారో! ఇప్పటికీ చలికాలంలో పడితే వదిలేయాల్సిందే. వదిలేటప్పుడు చేతులు తడుపుకోండి, పొడి చేయి దాని జిగురు పొరను ఊడదీస్తుంది. మొప్ప మూత అంచు కత్తిలా కోస్తుంది, వేళ్ళు జాగ్రత్త.

చలికి బిగుసుకుపోయి నీటి మీద తేలుతున్న స్నూక్ కనిపిస్తే చేత్తోనే అందుకోవచ్చు. అందుకోకండి. మోటారు ఆపి, తెడ్డుతో మెల్లగా పక్కకు తప్పుకోండి. ఎండ కాస్తే అది కోలుకోవచ్చు.

ప్రేమతో,
తాతయ్య