తన పాస్‌వర్డ్ తానే మార్చుకోవడం: డైరెక్టరీ సర్వర్లలో ఇంత చిక్కెందుకు?

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఐటీ వాళ్లు ఒక పాస్‌వర్డ్ ఇస్తారు. చాలా చోట్ల అది అందరికీ ఒకటే. ‘వెల్‌కమ్’ అని రాసి చివర మూడు అంకెలు తగిలిస్తారు. ఎవరిది వాళ్లు వెంటనే మార్చుకోగలిగితే ఇబ్బంది లేదు. ఆ వీలు లేనప్పుడే హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయాలి, అవతలి మనిషి కొత్తది పెట్టి చెప్పాలి. ఇక ఆ పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసినట్టే. రేపు ఆ అకౌంట్ నుంచి ఏదైనా పొరపాటు జరిగితే, చేసింది ఫలానా మనిషే అని తేల్చడం ఎవరి వల్లా కాదు. ఎల్‌డ్యాప్ సర్వర్, అంటే సంస్థలో అందరి అకౌంట్లు ఒకేచోట ఉంచే డైరెక్టరీ సర్వర్ పెట్టుకున్న చోట్ల ఈ పరిస్థితి ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. దీన్ని అడ్మిన్ల బద్ధకం అని కొట్టిపారేయలేం, దీని మూలాలు చాలా వెనక ఉన్నాయి.

విచిత్రం ఏమిటంటే, ఒక్క మెషీన్ వరకు ఈ సమస్య 1970లలోనే తీరిపోయింది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అకౌంట్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. దాన్ని రాసే అధికారం ‘రూట్’ అనే ప్రధాన అడ్మిన్ అకౌంట్‌ది. మామూలు యూజర్ అందులో తన వరుస ఒక్కటే మార్చుకోవాలి, పక్కవాడిది ముట్టుకోకూడదు. దీనికి డెనిస్ రిచీ ‘సెట్‌యూఐడీ’ అనే ఏర్పాటు కనిపెట్టారు. ప్రోగ్రామ్‌ని ఎవరు నడిపినా అది తన యజమాని అధికారంతో పనిచేస్తుంది. ‘పాస్‌డబ్ల్యూడీ’ కమాండ్ అలాగే రూట్ అధికారంతో నడుస్తుంది. పాత పాస్‌వర్డ్ అడుగుతుంది, కొత్తది రెండుసార్లు కొట్టమంటుంది, ఆ మనిషి వరుస మాత్రమే మార్చి తప్పుకుంటుంది. రిచీకి దీని మీద 1979లో పేటెంట్ కూడా వచ్చింది.

మెషీన్లు పెరిగి నెట్‌వర్క్‌లు వచ్చాక, 1980ల మధ్యలో సన్ కంపెనీ ‘ఎల్లో పేజెస్’ తెచ్చింది. తర్వాత దాని పేరు ఎన్‌ఐఎస్ అయింది. అకౌంట్ల జాబితా మాస్టర్ సర్వర్లో ఉండేది, పాస్‌వర్డ్ మార్చడానికి ‘వైపీపాస్‌డబ్ల్యూడీ’ అని విడిగా ఒక కమాండ్ ఉండేది. పాత పాస్‌వర్డ్ వైరు మీద బట్టబయలుగా వెళ్లేది, అది పెద్ద లోపమే. అయినా యూజర్ తన పని తాను చేసుకోగలిగేవాడు.

ఎల్‌డ్యాప్ వేరే వంశం. 1988 నాటి ఎక్స్.500 అనే డైరెక్టరీ ప్రమాణాలు దాని పూర్వీకులు. వాటి బరువు తగ్గించి, మిషిగన్ యూనివర్సిటీకి చెందిన టిమ్ హౌస్ మరికొందరితో కలిసి 1993లో ఎల్‌డ్యాప్‌ని ఆర్‌ఎఫ్‌సీగా, అంటే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే పత్రంగా తెచ్చారు. అప్పటి ప్రధాన అవసరం మనుషుల ఫోన్ నంబర్లు, చిరునామాలు వెతుక్కోవడం. 1998లో ల్యూక్ హోవర్డ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2307 యూనిక్స్ అకౌంట్లను ఎన్‌ఐఎస్ నుంచి ఎల్‌డ్యాప్‌లోకి ఎలా తేవాలో చూపించింది. అక్కడినుంచి డైరెక్టరీయే లాగిన్ అకౌంట్ల చిట్టా అయిపోయింది. వచ్చిన చిక్కల్లా, పాస్‌డబ్ల్యూడీ లాంటి ప్రత్యేక ఏర్పాటు దానితోపాటు రాలేదు. డైరెక్టరీ దృష్టిలో ఫోన్ నంబర్ ఎలాంటిదో పాస్‌వర్డ్ కూడా అలాంటి ఒక అట్రిబ్యూటే, అంటే మనిషి వివరాల్లో ఒక గడి. ఎవరు చదవాలి, ఎవరు మార్చాలి అన్నది అడ్మిన్ రాసే యాక్సెస్ నియమాలను బట్టి ఉంటుంది.

ఎల్‌డ్యాప్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లలో ఒకటైన ఓపెన్‌ఎల్‌డ్యాప్‌నే తీసుకుందాం. నియమాలేవీ రాయకుండా వదిలేస్తే అందరూ అన్నీ చదవొచ్చు, మార్చడం మాత్రం రూట్ అకౌంట్‌కే సాధ్యం. అంటే యూజర్ తన పాస్‌వర్డ్ తాను మార్చుకోలేడు, కానీ దాని హ్యాష్‌ని (పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చి దాచిన రూపాన్ని) ఊరందరూ చూడొచ్చు! ఎలా ఉండాలో దానికి సరిగ్గా తలకిందులు. దీన్ని సరిచేసే నియమం మూడు ముక్కలు: పాస్‌వర్డ్ అట్రిబ్యూట్‌ని ‘సెల్ఫ్’ (ఆ అకౌంట్ సొంతదారు) రాయొచ్చు, ‘అనానిమస్’ (ఇంకా ఎవరో తేలనివాళ్లు) లాగిన్ సరిచూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, మిగతా ఎవరికీ ఏమీ లేదు. రెండో ముక్క ఎందుకని తీసేసేవాళ్లుంటారు. లాగిన్ పూర్తయ్యేదాకా ప్రతి మనిషీ అనానిమసే కాబట్టి, అది లేకపోతే ఎవరూ లోపలికి రాలేరు. నియమాలు ఏ క్రమంలో రాశారన్నదీ ముఖ్యమే. ‘అందరూ అన్నీ చదవొచ్చు’ అనే నియమం పైన ఉంటే సర్వర్ అక్కడే ఆగిపోతుంది, కింద ఎంత జాగ్రత్తగా రాసినా చూడదు.

నియమం సరిగ్గా ఉన్నా ఇంకో ప్రశ్న మిగిలింది: హ్యాష్ చేయాల్సింది ఎవరు? తొలి రోజుల్లో చాలాచోట్ల యూజర్ మెషీనే హ్యాష్ చేసి సర్వర్‌కి పంపేది. డెస్ క్రిప్ట్ అనే పాత హ్యాష్ పద్ధతి పెట్టి ఉంటే మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వచ్చేవి. యూజర్ ఎంతో కష్టపడి 15 అక్షరాలు పెట్టుకున్నా చివరి 7 దండగే, పైగా ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లే లేరు. పైగా హ్యాష్ అయి వచ్చినదాన్ని చూసి అది గట్టి పాస్‌వర్డో కాదో సర్వర్ తేల్చలేదు.

2001లో కర్ట్ జైలెంగా రాసిన ఆర్‌ఎఫ్‌సీ 3062తో ఈ గందరగోళానికి ఒక దారి దొరికింది. పాస్‌వర్డ్ మార్పు ఇక మామూలు అట్రిబ్యూట్ మార్పు కాదు, దానికంటూ విడిగా ఒక ఆపరేషన్ ఉంది. యూజర్ పాతది, కొత్తది పంపుతాడు, ఎలా దాచాలో సర్వర్ చూసుకుంటుంది. ‘ఎల్‌డ్యాప్‌పాస్‌డబ్ల్యూడీ’ కమాండ్ వాడేది దీన్నే. కాకపోతే పాత పాస్‌వర్డ్ పంపడం ఇందులో తప్పనిసరి కాదు. తాళం వేయకుండా వదిలిన కంప్యూటర్ ముందు పక్కసీటు మనిషి కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో తర్వాత వచ్చిన పాస్‌వర్డ్ పాలసీ ఓవర్‌లే (సర్వర్‌కి అదనంగా తగిలించే భాగం) ఈ లోటు తీర్చింది. పాతది చెప్పి తీరాలని, అడ్మిన్ రీసెట్ చేస్తే తొలి లాగిన్‌లోనే మార్చాలని అందులో పెట్టొచ్చు. అయితే దాన్ని ఎవరో ఒకరు పూనుకుని ఆన్ చేయాలి.

ఈ ఒక్క విషయంలో మైక్రోసాఫ్ట్ మొదటినుంచీ స్పష్టంగా ఉందని నా అభిప్రాయం. విండోస్ 2000తో వచ్చిన దాని డైరెక్టరీ సర్వర్ యాక్టివ్ డైరెక్టరీలో ‘చేంజ్’, ‘రీసెట్’ రెండు వేర్వేరు హక్కులు. యూజర్ ఎల్‌డ్యాప్ ద్వారా తనది మార్చుకోవాలంటే ఒకే అభ్యర్థనలో పాత విలువని తొలగించి కొత్తది చేర్చాలి. పాతది తెలియకుండా తొలగించలేడు. అడ్మిన్ అయితే నేరుగా కొత్తది పెట్టేస్తాడు. పైగా ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్ మీద ఈ పని జరగనే జరగదు.

మర్చిపోయినవాళ్ల సంగతి వేరు. పాతదే గుర్తులేనప్పుడు ‘చేంజ్’ కుదరదు, ‘రీసెట్’ కావాలి. అందుకే ఈమెయిల్‌కో ఫోన్‌కో కోడ్ పంపి కొత్తది పెట్టనిచ్చే వెబ్ పేజీలు వచ్చాయి. ఆ పేజీ వెనక ఒక సర్వీస్ అకౌంట్, అంటే మనిషి కాక ప్రోగ్రామ్ వాడే అకౌంట్ ఉంటుంది. తొందరలో దానికి డైరెక్టరీ రూట్ అధికారమే ఇచ్చేస్తుంటారు, ఇది చాలా ప్రమాదం. ఆ పేజీలో ఒక్క లొసుగు దొరికినా మొత్తం సంస్థ పాస్‌వర్డ్‌లు పరాయి చేతిలో పడతాయి. ఆ అకౌంట్‌కి ఉద్యోగుల విభాగంలో పాస్‌వర్డ్ అట్రిబ్యూట్ రాసే హక్కు ఇస్తే చాలు, చదివే హక్కు అక్కర్లేదు. అడ్మిన్ల అకౌంట్లు ఉన్న విభాగం మాత్రం దాని పరిధిలోకి అసలు రాకూడదు.