రాక్షసుడి గుట్టు ఎక్కడ దాచారో వెతకండి

ప్రొద్దుటూరు

పాపకూ, చిన్నోడికీ,

మీరు చదివే సాహస కథల పుస్తకాల గురించి మీ అమ్మ ఫోన్లో ఒకటే సణుగుడు. "అన్నీ ఒకటే కథ. ఒక పిల్లోడు, ఒక గుర్రం, ఒక భూతం, చివర్లో గెలుపు. భూతం పేరూ అట్ట మీది బొమ్మా మారుస్తారు, అంతే. దానికి ఇంత డబ్బా?" అంది. ఆమె మాట అబద్ధమేం కాదు. మీరు చదివే బీస్ట్ క్వెస్ట్ పుస్తకాల మీద ఆడమ్ బ్లేడ్ అని ఉంటుంది చూడండి, ఆ పేరుగల రచయిత ఎవరూ లేరు. 2007లో ఇంగ్లండులో మొదలైన ఆ వరుసను చాలామంది రచయితలు ఆ ఒక్క పేరు కిందే రాస్తూ వచ్చారు. అంతమంది రాసేటప్పుడు మూస లేకుండా ఎట్లా కుదురుతుంది? మూస ఉంది కాబట్టి పుస్తకం దండగ అంటే మాత్రం నేను ఒప్పుకోను. బకాసురుడి కథ మీ అమ్మ నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో అడగండి.

ఆ కథలోనే మూస సగం దొరుకుతుంది. ఏకచక్రపురంలో రోజుకో ఇంటి వంతు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, బండి తోలుకెళ్లిన మనిషి, అన్నీ బకాసురుడికే. తలదాచుకున్న ఇంటికి వంతు వచ్చిందని కుంతి భీముణ్ణి పంపింది. మీ పుస్తకాల్లోనూ అంతే, పంట తగలబడటమో ఏరు ఎండిపోవటమో జరిగి ఊరంతా ఒకడి వైపు చూస్తుంది. భీముడు పోయి ఏం చేశాడు? కత్తి దూయలేదు. రాక్షసుడికని తెచ్చిన అన్నం తానే తినడం మొదలుపెట్టాడు. వాడొచ్చి రెండు చేతులతో వీపు మీద గుద్దుతున్నా తల తిప్పకుండా ముద్ద మీద ముద్ద లాగించాడు. ఊరి కష్టం, పోరు, గెలుపు ఏ కథలోనైనా ఉంటాయి. ఈ తిండి మాత్రం ఈ కథలోనే ఉంది. ఏ పుస్తకమైనా చదివాక దాంట్లో ఇలాంటిది ఏదైనా ఉందా అని చూడండి. లేకపోతే ఆ ఒక్క పుస్తకం గురించి మీ అమ్మ అన్నది నిజమే.

ఈ కథల్లో పిల్లలకు అమ్మానాన్నలు దగ్గర ఉండరు, గమనించారా? బీస్ట్ క్వెస్ట్ పిల్లోడు టామ్ తల్లి చనిపోయిందనే అనుకుంటాడు, తండ్రి ఎటుపోయాడో తెలీదు, పెంచింది చిన్నాన్నా పిన్నీ. రచయితకు పిల్లల మీద పగేమీ లేదు. నాన్న పక్కనుంటే "ఒరే, లోపలికి రా, నేను చూసుకుంటా" అంటాడు, కథ అక్కడికే ఆగిపోతుంది. అందుకే పెద్దవాళ్లను మొదటి అధ్యాయంలోనే పక్కకు తప్పిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. రాక్షసుడు ఎంత పెద్దవాడైనా వాడి చావుకు ఎక్కడో ఒక సందు ఉండాలి. ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం పోయినప్పుడు హిరణ్యకశిపుడి వరం చెప్పాను కదా. పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయట కాదు అని వాడు అన్ని తలుపులూ మూసుకున్నాననుకున్నాడు. సంధ్యవేళా గడపా మిగిలిపోయాయి. దీనికంటే నాకు జరాసంధుడి కథ ఇష్టం. రెండు ముక్కలుగా పుట్టాడు, జర అనే రాక్షసి ఆ ముక్కలు కలిపితే బిడ్డయ్యాడు. ఇది మనకు ముందే చెప్పేస్తారు, మనం మామూలుగా వినేసి మరిచిపోతాం. తర్వాత భీముడు వాణ్ణి చీలుస్తాడు, ముక్కలు మళ్లీ అతుక్కుంటాయి. అప్పుడు కృష్ణుడు ఒక గడ్డిపరక తీసుకుని నిలువునా చీల్చి, ఈ ముక్క అటూ ఆ ముక్క ఇటూ వేస్తాడు. నోరు తెరిచి ఒక్క మాట అనడు. గుట్టు వాడి పుట్టుకలోనే ఉంది, మనమే పట్టుకోలేకపోయాం. ఇది న్యాయమైన కథ. అంతవరకూ ఎక్కడా కనిపించని మంత్రదండం చివరి పేజీలో ఊడిపడితే అది మోసం. అలాంటి పుస్తకాన్ని నేను రెండోసారి తెరవను.

బీస్ట్ క్వెస్ట్‌లో నాకు నచ్చింది ఇంకొకటుంది. మొదటి ఆరు పుస్తకాల్లో ఆ జంతువులు పుట్టుకతో చెడ్డవి కావు, రాజ్యాన్ని కాపాడేవే. మాల్వెల్ అనే మాంత్రికుడు వాటిని మాయలో పడేస్తే, టామ్ వాటిని చంపకుండా విడిపించాలి. చంపడంకంటే అది కష్టం, దెబ్బ తగలకుండా దగ్గరికి పోవాలి కదా. ఫెర్నో అనే డ్రాగన్‌ను విడిపించాక దాని పొలుసు టామ్ డాలులోకి చేరుతుంది, ఆపైన నిప్పు నుంచి అదే కాపాడుతుంది. ఈ బహుమతుల సంగతి మాత్రం వరుస సాగేకొద్దీ నాకు విసుగు తెప్పిస్తుంది. పిల్లోడి దగ్గర అన్నీ పోగయ్యాక మనకు టెన్షన్ ఏముంటుంది?

అధ్యాయం చివర ఆపడం గురించి మీకు చెప్పక్కర్లేదు, లైటు ఆర్పమంటే "ఒక్క పేజీ" అనేది అందుకే కదా. మాకైతే నెల ఆగాల్సి వచ్చేది. 1947లో చందమామ పెట్టినవాళ్లలో నాగిరెడ్డి గారిది మన జిల్లా పొట్టిపాడే. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట ఆగేవి. ఆ నెలంతా వాడెట్లా తప్పించుకుంటాడో మేమే తలా ఒక దారి కట్టుకునేవాళ్లం. మీరూ అధ్యాయం అయిపోగానే పేజీ తిప్పకుండా ఒకసారి అట్లా ఊహించి చూడండి.

గండికోట మీద కథ రాస్తున్నామన్నారు. పెన్నా లోయలో ఏ భూతం ఉందో మీ ఇష్టం. పదహారు తలలు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. దానికి ఏమేం చేతకాదో మాత్రం ముందు కాగితం మీద రాసుకోండి, పోరు సంగతి తర్వాత. గుట్టు మూడో పేజీలోపే ఎక్కడో పడేయండి, నా కంట పడకుండా. నేను పట్టేస్తే మార్చి రాయాలి. పట్టలేకపోతే దసరా సెలవులకు వచ్చినప్పుడు మీరడిగిన తర్వాతి ఆరు పుస్తకాలూ నావే ఖర్చు, మీ అమ్మతో నేను మాట్లాడతా.

మీ అవ్వ