గాయపాకుతో రక్తం ఆగుతుంది, ధనుర్వాతం ఆగదు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లా పల్లెల్లో ఆయుర్వేద వైద్యురాలిగా పనిచేస్తున్న నా దగ్గరకు పత్తిచేల నుంచి కాలికి గుడ్డకట్టుతో వచ్చేవారు తరచుగా అనే మాట ఒకటుంది: "గాయపాకు పసరు పోసినం గదా డాక్టరమ్మా, ఇంక సూదెందుకు?" మూలికలు చదువుకున్న నేనే ధనుర్వాతం సూది కావాలనడం వారికి వింతగా తోస్తుంది.

గాయపాకు అంటే గడ్డిచామంతి. సన్నని పొడవాటి కాడ చివర పసుపుపచ్చని బొడ్డుతో, చుట్టూ మూడేసి నొక్కుల లేతరంగు రేకలతో బాటల పక్కన పూసే ఈ మొక్క ఆకును మేము చిన్నప్పుడు బొగ్గుతో నూరి పలకలకు రుద్దేవాళ్లం. పసరు పోస్తే చిన్న గాయాల రక్తం ఆగుతుందన్న పెద్దల అనుభవాన్ని నేను తోసిపుచ్చను. గాయం మానడంపై ఎలుకల్లో ప్రయోగాలు కూడా జరిగాయి.

అయితే పసరు పోస్తే ధనుర్వాతం రాదనుకోవడం ప్రాణాంతకమైన అపోహ. ఆ సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. ముల్లో మేకో లోతుగా దిగినప్పుడు వాటితోపాటు లోపలికి వెళ్లి, గాలి ఆడని చోట పెరిగి, నరాలను పట్టే విషాన్ని విడుదల చేస్తాయి. పైన ఆకు ముద్ద పెట్టి బిగించి కట్టడం వల్ల లోపలి మట్టి లోపలే ఉండిపోతుంది. లక్షణాలు సాధారణంగా 3 నుంచి 21 రోజుల మధ్య మొదలవుతాయి కనుక, అప్పటికి పైగాయం మానిపోయి, ఎవరికీ అనుమానం రాదు.

మా మేనమామ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. కాలిలో దిగిన తుమ్మముల్లు తీసి అమ్మమ్మ ఈ ఆకే కట్టింది. తొమ్మిదో రోజున అన్నం ముద్ద పెట్టుకోబోతే దవడలు తెరుచుకోలేదు. హైదరాబాదు ఆసుపత్రిలో నెలకు పైగా ఉండి బతికి వచ్చాడు గానీ, తన చేతులతో కట్టిన ఆకును తలచుకుని అమ్మమ్మ చాలాకాలం కుమిలిపోయింది. ఆమె తప్పేమీ లేదు, సూది సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తుప్పు పట్టిన ఇనుముతోనే ధనుర్వాతం వస్తుందన్నది వట్టి పుకారు. సూది గర్భిణులకే అన్నదీ అంతే. పిల్లలకు వేసే టీకాల తరువాత 10, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకు కలిపి వేసే టీకా) సూది వేస్తారు. ఆపైన పదేళ్లకొకసారి, మట్టి పడిన గాయమైతే చివరి సూదికి ఐదేళ్లు దాటినా, మళ్లీ వేయించుకోవాలి. అసలు టీకాలే లేనివారికి మురికి గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (విషాన్ని వెంటనే అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాల సూది) కూడా అవసరమవుతుంది.

గాయపాకు చరకుని నాటి మూలిక అంటారు. మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చిన మొక్క చరకుడికి తెలిసే అవకాశమే లేదు. గుంటగలగర పేరుతో దీన్ని అమ్మేవారున్నారు, అది వేరే మొక్క.

కుక్క కరిచిన చోట మాత్రం ఏ ఆకూ పెట్టవద్దు. సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. పసరు పోసుకుని వచ్చినవారిని నేను కోప్పడను. గాయం కడిగి, చివరి సూది ఎప్పుడు వేయించుకున్నారో అడిగి, గుర్తులేదంటే అప్పటికప్పుడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతాను.