రిగ్గుకీ వలకీ మధ్య: కొన్ని అపోహలు - వాస్తవాలు

మత్స్యశాఖలో నా ఉద్యోగం చాలావరకు కాకినాడ, అమలాపురం వైపే గడిచింది. బోట్ల రిజిస్ట్రేషన్లు, చెరువుల లైసెన్సులు చూసుకుంటే చాలనుకుని చేరాను. తీరా చూస్తే సగం రోజులు చమురు కంపెనీల మ్యాపులు పరుచుకుని కూర్చోవడమే సరిపోయింది. ఎదురుగా కృష్ణా-గోదావరి బేసిన్ ఉంటే అంతే మరి. రవ్వ చమురు క్షేత్రం బయటపడింది 1987లో. ఇదే బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో గ్యాసు కనిపెట్టింది 2002లో, అది గాడిమొగ దగ్గర ఒడ్డెక్కింది 2009 ఏప్రిల్‌లో. ఓఎన్‌జీసీ లోతు నీళ్ల బ్లాకులో తొలి చమురు పైకొచ్చింది 2024 జనవరిలో. ప్రతిదానికీ ముందు సర్వే ఓడలు, వెనక రిగ్గులు (బావులు తవ్వే వేదికలు), ఆపైన పైపులు వేసే బార్జీలు. ప్రతిసారీ అటూ ఇటూ అవే మాటలు. పల్లెలో విన్నవీ, ఏసీ మీటింగు హాల్లో విన్నవీ కలిపి రాస్తున్నాను.

అపోహ: "అనుమతి ఢిల్లీ నుంచి వచ్చేసింది. ఇక మత్స్యశాఖతో పనేముంది?"

చమురు కేంద్ర జాబితాలో ఉంది, నిజమే. చేపల సంగతి వేరు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, వేట రాష్ట్రం పరిధి. అది దాటితే కేంద్రానిది. ఒకే నీళ్లలో అడుగున ఉన్న గ్యాసు ఢిల్లీది, పైన ఈదే చందువ అమరావతిది. ఎంత దూరపు బావి అయినా దాని పైపు ఒడ్డుకు రావాలంటే ఈ 22 కిలోమీటర్లు దాటక తప్పదు.

చమురు వైపు కూడా రెగ్యులేటర్ అంటే ఒక్క ఆఫీసు కాదు. బ్లాకులు, అన్వేషణ చూసేది 1993లో పెట్టిన డీజీహెచ్ (హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్). సముద్రంలో భద్రతకు 2008 నిబంధనల కింద ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్). పర్యావరణ అనుమతికి వేరే మంత్రిత్వ శాఖ. చమురు ఒలికితే కోస్ట్‌గార్డ్. ఇన్ని తలుపులుంటే, వల తెగిన మనిషి తట్టేది మాత్రం మా తలుపే, ఎందుకంటే అతనికి తెలిసిన గవర్నమెంటు ఆఫీసు అదొక్కటే.

రిగ్గును అంగుళం జరపమనే అధికారం మాకు లేదు. 1994 నాటి రాష్ట్ర సముద్ర వేట చట్టం మాకిచ్చింది బోట్ల మీద, వలల మీద పెత్తనమే. కానీ ఫలానా వారం ఫలానా నీళ్లలో ఎన్ని బోట్లుంటాయి, ఏ వల వేస్తాయి అన్నది చెప్పగలిగిన ఆఫీసు మాదే. రెండు వైపుల వాళ్లూ కూర్చోవలసింది ఆ ఒక్క సమాచారం కోసం.

అపోహ: "రిగ్గు చుట్టూ 500 మీటర్లేగా. అంత సముద్రంలో అదెంత?"

రిగ్గు చుట్టూ బోట్లు రాకూడని భద్రతా వలయం గురించి ఈ మాట ఇంజినీర్లు అంటారు. లెక్క వేస్తే 500 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం 0.785 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద చుక్క.

మరి వల సంగతి? రాత్రి వల వదిలిపెట్టి, ఇంజిను ఆపి, దానితోపాటే కొట్టుకుపోయే వేట ఇక్కడ చాలామందిది. ప్రవాహం గంటకు ఒక నాటికల్ మైలు ఉందనుకోండి, ఆరు గంటల్లో వల 11 కిలోమీటర్లు జరుగుతుంది. తెల్లవారుజామున ఆ వృత్తంలో పడకూడదంటే సాయంత్రం ఎక్కడ వేయాలి? వృత్తానికి ఎగువన ఉన్న నీళ్లంతా వదులుకోవాలి. పక్కనే ఇంకో రిగ్గు, దాని పక్కన బార్జీ ఉంటే చెప్పనక్కర్లేదు. లంగరు తాళ్లతో నిలబడే రిగ్గయితే ఆ తాళ్లు 500 మీటర్లు దాటి చాలా దూరం పరుచుకుని ఉంటాయి.

పల్లెవాళ్లు చెప్పని సగం కూడా ఉంది. చేపలు రిగ్గు కాళ్ల చుట్టూ, రాత్రి దీపాల కింద మూగుతాయి. గేలం వేసేవాడికి అది బంగారు గని. లోపలికి వెళ్తే తరుముతారని తెలిసీ వెళ్తారు. నేను వద్దని చెప్పిన మనిషే మర్నాడు రేవులో వంజరాలు దించుతూ నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

అపోహ: "సర్వే శబ్దానికి చేపలన్నీ చచ్చిపోతాయి." దానికి జవాబుగా, "ఏమీ కాదు, అంతా భ్రమ."

రెండూ తప్పే. అడుగున చమురు ఎక్కడుందో శబ్దంతో వెతికే సీస్మిక్ సర్వే ఓడ నీళ్లలో ఎయిర్‌గన్‌లు (గాలి తుపాకులు) పేలుస్తూ, వెనక కిలోమీటర్ల పొడవు కేబుళ్లు లాక్కుంటూ పోతుంది. గుడ్లకీ పిల్లలకీ ప్రాణహాని ప్రధానంగా గన్ను పక్కన కొన్ని మీటర్లలోపు. పెద్ద చేప చావదు, పారిపోతుంది. వేటగాడికి తేడా ఏముంది చెప్పండి?

దీని మీద బాగా పేరుపడ్డ ప్రయోగం నార్వేవాళ్లది, 1992లో బారెంట్స్ సముద్రంలో చేశారు. ఐదు రోజులు గన్‌లు పేల్చారు. కాడ్, హాడక్ చేపల ట్రాల్ దిగుబడి మొత్తం ప్రాంతంలో సగానికి, పేల్చిన చోట దాదాపు 70 శాతం పడిపోయింది. 18 నాటికల్ మైళ్ల దూరంలోనూ తగ్గుదల కనిపించింది. ఆపేశాక గమనించిన ఐదు రోజుల్లో పాత స్థితి రాలేదు. అయితే అది చల్లటి సముద్రం, వేరే జాతి చేపలు. ఆ శాతాలు తెచ్చి మన సూరకీ కానాగంతకీ అంటించి నష్టం లెక్క కట్టడం కుదరదు. "ఏమీ కాదు" అనడం మాత్రం అంతకన్నా కుదరదు.

అపోహ: "వేట నిషేధంలో సర్వే పెట్టుకుంటే గొడవే లేదు."

మీటింగులో ఎవరో ఒకరు ఇది కొత్తగా కనిపెట్టినట్టు చెబుతారు. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అప్పుడు మర బోట్లు రేవులో ఉంటాయి కాబట్టి ఢీకొనే భయం తక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఇంజిను లేని సంప్రదాయ నావలకు ఆ నిషేధం వర్తించదు. పైగా నిషేధం పెట్టిందే గుడ్లు పెట్టే కాలమని. వలలు ఆపి గన్‌లు పేల్చుకోమంటే ఏం మాట అది? నార్వేలో సముద్ర పరిశోధనా సంస్థ గుడ్లు పెట్టే చోట్లను, నెలలను చూసి అప్పుడు సర్వే వద్దని సలహా ఇస్తుంది.

అసలు చిక్కు వాతావరణంతో. అక్టోబరు నుంచి తుపాన్లు. సముద్రం నెమ్మదించే జనవరి-ఏప్రిల్ నెలలే కంపెనీకీ కావాలి, మనవాళ్లకీ కావాలి.

అపోహ: "నోటీసు ఇచ్చాం, వాళ్లే చూసుకోలేదు."

నన్ను అన్నిటికన్నా కాల్చిన మాట ఇదే.

ఓడలకు హెచ్చరికలు పంపే పద్ధతి ఉంది. మన ప్రాంతానికి దాన్ని డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం చూస్తుంది. అక్షాంశాలు, రేఖాంశాలు, ఇంగ్లీషు. పెద్ద ఓడకు అది చాలు. మా ఫైబర్ బోటు సరంగు (బోటు నడిపేవాడు) లోతును బారల్లో (చేతులు చాచినంత కొలత) చెబుతాడు, చోటును ఊరి ఎదురుగా చెబుతాడు: "భైరవపాలెం ఎదురు, ముప్పై బారల నీళ్లు." ఆ రెండింటినీ కలిపి ఒక తెలుగు కాగితం చేసి, రేవు పేరు, బారలు, తేదీలు రాసి, ఐసు ఫ్యాక్టరీ గోడకి అంటించేదాకా నా దృష్టిలో నోటీసు ఇచ్చినట్టు కాదు. సర్వే రోజులు జరిగాయంటే ఆ కాగితం మళ్లీ మార్చాలి. ఒకసారి ఒక కంపెనీ, పేరెందుకు, అనుకున్నదానికన్నా పది రోజులు ముందే మొదలయ్యేలా తేదీలు మార్చి మాకు మెయిలు పంపింది శనివారం రాత్రి. సోమవారం పొద్దున్న పదమూడు వలలు పోయాయి.

నార్వేలో సర్వేకు కనీసం ఐదు వారాల ముందే వివరాలు స్టవాంగర్‌లోని చమురు పనులు చూసే ఆఫ్‌షోర్ డైరెక్టరేట్‌కూ, బెర్గెన్‌లోని మత్స్య డైరెక్టరేట్‌కూ వెళ్లాలి. వేట జరిగే నీళ్లయితే సర్వే ఓడ మీదే చేపల వేట తెలిసిన ఒక మనిషి ఉంటాడు, ఖర్చు కంపెనీది. అతను కెప్టెన్‌కు సలహా ఇస్తాడు, ఆజ్ఞ కాదు. మన దగ్గర ఓడ ముందు నడిచే కాపలా బోట్లలో పల్లెవాళ్లను పెట్టుకుంటారు. వాళ్లకు ఓడ మీద మాట చెల్లదు. కిలోమీటర్ల కేబుళ్లు లాగే ఓడ ఉన్నట్టుండి ఆగలేదు, తిరగలేదు. కాబట్టి కాపలా బోటువాడి పని చివరికి సొంత ఊరివాళ్లనే పక్కకు తోలడం.

అపోహ: "పరిహారం ఇచ్చేశారు కదా, సమస్య తీరింది."

2023 నవంబరులో ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట పోయిన 23,458 కుటుంబాలకు కాకినాడ, కోనసీమ జిల్లాల్లో 161.86 కోట్లు జమ అయ్యాయి. నెలకు 11,500 చొప్పున ఆరు నెలలకు, కుటుంబానికి 69,000. చిన్న మొత్తం కాదు. కానీ ఆలస్యాలూ చూశాం. గుజరాత్ కంపెనీ జీఎస్‌పీసీ 2012-14 మధ్య చేసిన పనుల తాలూకు బాకీ ముమ్మిడివరం వైపు కుటుంబాలకు అందింది 2019లో.

నార్వే పెట్రోలియం చట్టంలో మత్స్యకారుల పరిహారానికి విడిగా ఒక అధ్యాయమే ఉంది. వేట నీళ్లు ఆక్రమించి నష్టం చేస్తే తప్పు ఎవరిదని అడగకుండా హక్కుగా వస్తుంది. మన చమురు చట్టాల్లో అలాంటి అధ్యాయం లేదు. కలెక్టరు మీటింగు, ధర్నా, మళ్లీ మీటింగు.

ఇక పరిహారం జాబితా. బోటు యజమాని పేరు ఎక్కుతుంది, కళాసీ (బోటులో పనిచేసేవాడు) పేరూ ఎక్కుతుంది. గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆడవాళ్ల పేరు? చేప రాకపోతే మొదట పస్తుండేది వాళ్లే. జాబితా రాసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ తప్పు నాది కూడా.

ఇంకో గందరగోళం: ఏటా నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి (2025 నుంచి 20,000) వేరు, ఈ పరిహారం వేరు. ఒకటి తీసుకుంటే రెండోది పోదు.

అపోహ: "వల తెగితే ఎవరికి చెప్పినా దండగే."

సగం ఫిర్యాదులు కొట్టేసింది రుజువు లేకే. వల తెగిన వెంటనే టైము, ఫోన్లో జీపీఎస్ అంకెలు, లోతు బారల్లో, ఓడ రంగు, వెనక తేలే బోయా ఉంటే దాని ఫోటో, మిగిలిన వల ముక్క. ట్రాన్స్‌పాండర్ (బోటు ఎక్కడుందో చెప్పే పరికరం) పెట్టిన బోటైతే ఆ రికార్డు. బోటు రిజిస్ట్రేషన్ కాగితం రెన్యువల్ అయి ఉండాలి. ఆ రోజే మత్స్య సహాయకుడికి రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ఆ ముక్క వల మాత్రం పారేయకండి. కేబులు కోసిన తాడు అంచు, ట్రాలర్ లాగి తెంపిన అంచు ఒకేలా ఉండవు. చేతిలో పెడితే మా పాత ఏడీగారు (అసిస్టెంట్ డైరెక్టర్) కళ్లు మూసుకుని చెప్పేవారు.